బండలు పరిచిన హాల్లో మైక్రోఫోన్

వ్యాఖ్యాత: నమస్కారమండి. బెంగళూరులోని ఒక పెద్ద టెక్నాలజీ సంస్థలో ధ్వని విభాగానికి నాయకత్వం వహిస్తున్న ఇంజినీరు గారు ఈరోజు మనతో ఉన్నారు. మేడమ్, పిలిస్తే పలికే స్పీకర్లలో మీ పని ఎక్కడ మొదలవుతుంది?

అతిథి: మైక్రోఫోన్ రంధ్రం దగ్గరండి. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు కాబట్టి, 7 సెంటీమీటర్ల ఎడంలో ఉన్న రెండు మైక్రోఫోన్లకు మీ పిలుపు చేరడంలో తేడా, ఎక్కువలో ఎక్కువ, సెకనులో సుమారు 5,000వ వంతు ఉంటుంది. ఆ కాస్త తేడాను బట్టే పరికరం మీరున్న దిక్కును పోల్చుకుంటుంది.

వ్యాఖ్యాత: మీ తొలి స్పీకరు ఇంట్లో పెడితే సరిగా పలకలేదట కదా?

అతిథి: అవును, ఆ తప్పు నాదే. పరీక్షలన్నీ ప్రతిధ్వని లేని గదిలోనే చేయించాను. విడుదలకు ముందు దాన్ని మారతహళ్లిలోని మా ఫ్లాటుకు తెచ్చాను. కింద గ్రానైట్ బండలు, చుట్టూ సిమెంటు గోడలు, పైన ఫ్యాను, వంటింట్లో కుక్కరు. మా అమ్మ మూడుసార్లు పిలిచినా అది పలకలేదు. నున్నటి బండ ధ్వనిని పీల్చుకోదు, తిప్పికొడుతుంది. ముందు అక్షరం మోత ఇంకా ఆగకముందే తర్వాతి అక్షరం వచ్చి పడుతుంది, బలహీనమైన హల్లులు ఆ మోతలో మునిగిపోతాయి. ఆ రాత్రి ఇంట్లోని పరుపులు, బొంతలు అన్నీ హాల్లో పరిచి పిలిస్తే వెంటనే పలికింది.

హార్వర్డ్‌లో వాలెస్ సబైన్ అనే యువ అధ్యాపకుడు 1895లో మొదలుపెట్టిన పని కూడా ఇలాంటిదే. ఒక ఉపన్యాస మందిరంలో మాట 5 సెకన్లకు పైగా మోగుతుంటే, ఆయన శాండర్స్ థియేటరు నుంచి కుర్చీల మెత్తలను రాత్రిపూట తెప్పించి, కొన్ని కొన్నిగా పరుస్తూ మోత ఎంతసేపు నిలుస్తుందో కొలిచి, తెల్లారేసరికి తిరిగి చేర్పించేవారు. ఆ కొలతల నుంచి పుట్టిన సూత్రాన్నే మేము నేటికీ వాడుతున్నాం.

వ్యాఖ్యాత: మరి విడుదల ఆపాలని పైవాళ్లను ఎలా ఒప్పించారు?

అతిథి: గ్రాఫులు చూపిస్తే ఎవరూ కదలలేదు. స్పీకరు పెట్టెల పోత అచ్చులు సిద్ధమయ్యాయి, విడుదల తేదీ దగ్గరపడింది. అప్పుడు అందరికీ హెడ్‌ఫోన్లు ఇచ్చి, ల్యాబులో రికార్డు చేసిన మా అమ్మ పిలుపును, మా హాల్లో రికార్డు చేసినదాన్ని వెంటవెంటనే వినిపించాను. డిజైన్ విభాగం పెద్దాయన "ఇంకోసారి పెట్టండమ్మా" అన్నారు. విడుదల వాయిదా పడింది. పరీక్షల పట్టిక రాసింది నేనేనని, నా బృందానిది పొరపాటు కాదని అక్కడే చెప్పాను.

ఆ తర్వాతే మా బృందంలోని పిల్లలు తమ చెవికి తగిలిన దోషాన్ని, కొలతలు రాకముందే, ధైర్యంగా నా దగ్గరకు తేవడం మొదలుపెట్టారు. కొత్తగా చేరిన ఒక అమ్మాయి "మేడమ్, ఎక్కడో జిరజిరలాడుతోంది" అంది. స్పీకరు పాడే పాటను మైక్రోఫోన్ విన్నదానిలోంచి తీసివేయగలం, ఏ పాట పంపామో మనకు తెలుసు కనుక. ఆ జిరజిర పాటలో లేనిది, కాబట్టి సాఫ్ట్‌వేరుకు చిక్కదు. మూడు రోజులు వెతికితే, పెట్టె అడుగున ఒక స్క్రూ పావు చుట్టు వదులుగా దొరికింది.