ఉప్పునీటి అక్వేరియం: చేప కంటే ముందు పెంచాల్సినవి

[దృశ్యం: హాల్లో రెండున్నర అడుగుల ట్యాంక్. లైటు ఆపి ఉంది. రాళ్ళు, తెల్లటి ఇసుక, కదులుతున్న నీళ్ళు. చేపల్లేవు.]

నమస్కారం. మల్కాజిగిరిలో మా ఇంటి హాలు ఇది. ఈ ట్యాంక్‌లో వంద లీటర్ల ఉప్పునీళ్ళు పోసి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ అడిగేది ఒక్కటే: "చేపలేవి?" మొన్న మా మేనత్త కుర్చీ లాక్కుని కూచుని, రాళ్ళ సందుల్లో పది నిమిషాలు వెతికింది. "లేవత్తా, ఇంకో రెండు వారాలు పడుతుంది" అన్నాను. "మరి అప్పటిదాకా కరెంటు దండగ కాదురా?" అంది. దండగ కాదు. ఎందుకు కాదో చెప్పడానికే ఈ వీడియో.

చేప తిన్నదాంట్లోంచి అమ్మోనియా పుడుతుంది. ఎక్కువ భాగం మొప్పల్లోంచే నీళ్ళలోకి వచ్చేస్తుంది. మిగిలిపోయిన మేత కుళ్ళినా అమ్మోనియాయే. సముద్రంలో అయితే కలిసిపోతుంది, వంద లీటర్ల గాజుపెట్టెలో ఎక్కడికి పోతుంది? దాన్ని తినడానికి ఒక రకం బ్యాక్టీరియా ఉండాలి. అది అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది. ఆ నైట్రైట్‌ని ఇంకో రకం బ్యాక్టీరియా నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్‌ని చేపలు చాలావరకు తట్టుకుంటాయి, నీళ్ళు మార్చి మనమే తగ్గించుకోవచ్చు. ఈ పని రెండు వేర్వేరు గుంపులు రెండు మెట్లుగా చేస్తాయని రష్యన్ శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలోనే మట్టి మీద పరిశోధించి చూపించాడు. ఆ రెండు గుంపులూ మన రాళ్ళ మీద, ఇసుకలో స్థిరపడేదాకా ఆగడాన్నే సైక్లింగ్ అంటాం.

పాలకి తోడు వేస్తాం కదా, అలాంటిదే. తోడు ఉండాలి, వెచ్చదనం ఉండాలి, టైమివ్వాలి. తేడా అల్లా టైములోనే. పెరుగు రాత్రికి రాత్రి తోడుకుంటుంది. ఈ బ్యాక్టీరియా రెట్టింపు కావడానికే అరరోజు నుంచి ఒక రోజు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. అందుకే మామూలుగా మూడు నుంచి ఆరు వారాలు.

[దృశ్యం: పాత ఫోన్‌లో తీసిన ఫొటో. నీలం రంగు చిన్న చేప, నీళ్ళ పైఅంచు దగ్గర.]

ఇది నా మొదటి ట్యాంక్. ఆరేళ్ళ కిందటి మాట. "రెండు డామ్సెల్ చేపలు వేసుకోండి సార్, అవి గట్టివి, సైకిల్ అదే అయిపోతుంది" అన్నాడు షాపతను. వేశాను. నాలుగో రోజు మేత వేస్తే రాలేదు. ఐదో రోజు పొద్దున్న ఒకటి పంపు నీళ్ళు పైకి చిమ్మే మూల చేరి, నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. మొప్పలు ఎంత వేగంగా కొట్టుకున్నాయంటే లెక్కపెట్టలేకపోయాను. మధ్యాహ్నానికి పోయింది. సాయంత్రం అమ్మోనియా టెస్ట్ చేస్తే ట్యూబ్ ముదురాకుపచ్చ. అంటే ఆ ఐదు రోజులూ అది పీల్చింది విషం. నీళ్ళు సిద్ధం చేయడానికి ఒక ప్రాణిని వాడకూడదని నాకు ఆ రోజే తెలిసింది. మీ షాపువాళ్ళు ఇదే సలహా ఇస్తే దయచేసి వినకండి.

మంచినీటి ట్యాంక్‌లో కొన్ని చేపలు ఇంత అమ్మోనియాలోనూ గట్టెక్కుతాయి, ఉప్పునీటి ట్యాంక్‌లో ఎందుకు గట్టెక్కవు? పీహెచ్ వల్ల, అంటే నీళ్ళ ఆమ్ల-క్షార గుణం వల్ల. అమ్మోనియా అంతా ఒకేలా విషం కాదు. పీహెచ్ 7 దగ్గర విషపు రూపంలో ఉండేది అర శాతం చుట్టూనే. సముద్రపు నీళ్ళ పీహెచ్ 8.2 దగ్గర అది ఏడు శాతం దాకా వెళుతుంది. ఎండాకాలంలో నీళ్ళు వేడెక్కితే ఇంకా పెరుగుతుంది.

ఇప్పుడు నీళ్ళ సంగతి. హైదరాబాద్‌లో ఇది పెద్ద సంగతే. నల్లా నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, అది మనం పెంచాలనుకునే బ్యాక్టీరియానే చంపుతుంది. బోరు, ట్యాంకర్ నీళ్ళు పనికిరావు. ఆర్వో నీళ్ళే కావాలి, చివర్లో మిగిలిన లవణాల్ని కూడా లాగేసే డీఐ కార్ట్రిడ్జ్ పెట్టి టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల కొలత) సున్నాకి తెస్తే మరీ మంచిది. వంటింటి ఆర్వోలోంచే పట్టుకునేవాళ్ళు ఒకటి చూసుకోండి. చాలా మెషీన్లలో చివర్లో మినరల్ కార్ట్రిడ్జ్, కాపర్ కార్ట్రిడ్జ్ ఉంటున్నాయి. రాగి మనకి మంచిదేమో గానీ రొయ్యలకీ నత్తలకీ పగడాలకీ ప్రాణాంతకం. ఆ కార్ట్రిడ్జ్‌కి ముందే పైపు తీసుకోండి.

ఉప్పు అంటే అక్వేరియం కోసం అమ్మే సముద్రపు ఉప్పు మిశ్రమం. వంటుప్పు, కల్లుప్పు వద్దు. లీటరుకి 35 నుంచి 38 గ్రాములు, అంటే ఈ ట్యాంక్‌కి నాలుగు కిలోల లోపు. బకెట్‌లో ముందు నీళ్ళు, తర్వాత ఉప్పు. తిరగేస్తే కాల్షియం తెల్లగా విరిగి అడుక్కి దిగుతుంది. చిన్న పంపు వేసి ఒక రాత్రి తిప్పి, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో 1.025 చూశాకే ట్యాంక్‌లో పోయండి. "సూర్యలంక నుంచి క్యాన్లలో తెచ్చుకోవచ్చా?" అని అడుగుతుంటారు. ఒడ్డు దగ్గర నీళ్ళలో మట్టీ మురుగూ ఉంటాయి, మూడొందల కిలోమీటర్లు ప్రయాణం చేసేసరికి పాడవుతాయి. వద్దు. రామేశ్వరం వెళ్ళినప్పుడు పగడపు రాయి తెస్తామనే వాళ్ళకి ఇంకా గట్టిగా చెప్తున్నాను: పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. ఏరుకురావడం నేరం. అక్వేరియం కోసం తయారుచేసిన ఎండు రాయి (డ్రై రాక్) కొనుక్కోండి, బ్యాక్టీరియాకి అది చాలు.

[దృశ్యం: చిన్న డిజిటల్ తక్కెడ మీద తెల్లటి పొడి. స్క్రీన్ మీద: 0.6 గ్రా.]

చేప లేకుండా అమ్మోనియా ఎక్కడినుంచి వస్తుంది? ఇదిగో, అమ్మోనియం క్లోరైడ్. మన పెద్దవాళ్ళకి తెలిసిన పేరు నవాసాగరం. ఇత్తడి గిన్నెలకి కళాయి వేసేటప్పుడు చల్లితే తెల్లటి పొగ లేస్తుందే, అదే. పాతబస్తీలో నౌసాదర్ అంటారు. కానీ బజారు గడ్డలో ఏం కలిసుంటుందో తెలియదు, ల్యాబ్ గ్రేడ్ పొడే తీసుకోండి. వంద లీటర్లకి సుమారు 0.6 గ్రాములు వేస్తే అమ్మోనియా 2 పీపీఎం (లీటరుకి 2 మిల్లీగ్రాములు) దగ్గరికి వస్తుంది. 5 దాటనివ్వకండి, దాటితే బ్యాక్టీరియా పెరుగుదల కూడా నెమ్మదించవచ్చు. కొందరు పచ్చి రొయ్య ముక్క వేస్తారు. పనిచేస్తుంది, కాకపోతే కొలత చేతిలో ఉండదు, రెండు రోజులకి హాలంతా వాసన.

తోడు కోసం బాటిల్ బ్యాక్టీరియా దొరుకుతుంది. ఎక్స్‌పైరీ డేట్ చూసి, ఎండలో పెట్టనిది కొనండి. ఇంకా మంచి తోడు, ఏ రోగమూ లేని పాత ఉప్పునీటి ట్యాంక్ ఉన్న స్నేహితుడి దగ్గర చిన్న రాయి. తడి ఆరనివ్వకుండా అదే నీళ్ళలో తెచ్చుకోండి. నీళ్ళలో సూక్ష్మజీవుల్ని చంపే యూవీ దీపం ఉంటే ఆపండి. లైటు అవసరం లేదు, వేస్తే నాచు పడుతుంది.

రెండు రోజులకోసారి టెస్ట్ చేయండి. నా కిట్‌లో అమ్మోనియా లేకపోతే పసుపు, ఉంటే ఆకుపచ్చ. పగటి వెలుతురులో తెల్ల కాగితం ముందు పెట్టి చూడండి, ట్యూబ్‌లైట్ కింద ప్రతి పసుపూ ఆకుపచ్చగానే కనబడుతుంది. నా పుస్తకంలో రాసుకున్నది చెప్తాను. తొమ్మిదో రోజు దాకా అమ్మోనియా కదల్లేదు. పదకొండో రోజు నైట్రైట్ ట్యూబ్ లేతనీలం నుంచి ఊదాకి తిరిగింది. పద్దెనిమిదికి అమ్మోనియా సున్నా, నైట్రైట్ మాత్రం అలాగే ఉంది. ఇక్కడే చాలామందికి టెన్షన్. టెన్షన్ వద్దు, రెండో గుంపు నెమ్మది. ఉప్పునీళ్ళలో క్లోరైడ్ ఎక్కువ కాబట్టి నైట్రైట్ మొప్పల్లోకి అంత తేలిగ్గా వెళ్ళదు కూడా. నైట్రైట్ ఉన్నన్నాళ్ళూ నైట్రేట్ టెస్ట్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, ఆ అంకెని నమ్మకండి.

[దృశ్యం: ఇసుక మీద గోధుమరంగు పొర, వేలితో కదిపితే పొగలా లేస్తోంది.]

ఇది డయాటమ్, కంటికి కనబడనంత చిన్న నాచు. కొత్త ట్యాంక్‌లో వస్తుంది, కొన్ని వారాల్లో అదే పోతుంది. మందులు పోయకండి.

మన ఊరి ఇబ్బందులు రెండు. మేలో గదిలోనే నీళ్ళు 31, 32 డిగ్రీలకి వెళ్తాయి. మూత తీసి ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, కానీ నీళ్ళు ఆవిరవుతాయి. ఉప్పు ఆవిరవదు, కాబట్టి తగ్గిన మేరకి మామూలు ఆర్వో నీళ్ళే పోయండి, ఉప్పునీళ్ళు కాదు. రెండోది కరెంటు. గాలివాన వచ్చిన రాత్రి గంటలకొద్దీ పోతుంది. ఈ బ్యాక్టీరియాకి ఆక్సిజన్ కావాలి, పంపు ఒక్కటైనా ఇన్వర్టర్ మీద వేయండి.

అయిందని ఎలా తెలుస్తుంది? మళ్ళీ 2 పీపీఎం వేయండి. ఇరవై నాలుగు గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి రావాలి. మర్నాడు ఇంకోసారి వేసి చూడండి. రెండుసార్లూ వస్తే అయినట్టే. అప్పుడు సగం నీళ్ళు మార్చి నైట్రేట్ దించండి. చేప తెచ్చేదాకా రెండు మూడు రోజులకోసారి చిటికెడు అమ్మోనియం క్లోరైడ్ వేస్తూ ఉండండి, తిండి లేకపోతే పెంచిందంతా నీరసపడుతుంది.

మొదట ఒక్క చేప. నేనైతే హేచరీలో పుట్టిన చిన్న క్లౌన్ ఫిష్ తెస్తాను, సముద్రంలోంచి పట్టినది కాదు. మొదటి వారం రోజూ పొద్దున్నే అమ్మోనియా చూడండి, మేత రెండు పూటలా చిటికెడే. రెండో చేప ఎప్పుడంటే, ఆ వారమంతా ట్యూబ్ పసుపుగానే ఉంటే, ఇంకో మూడు వారాల తర్వాత.

[దృశ్యం: కిటికీ దగ్గర తెల్ల కాగితం, ముందు పసుపు రంగు ట్యూబ్.]