శేషం మిగలని 7,20,720

హోస్ట్: నమస్కారమండీ. విజయనగరం నుంచి లెక్కల మాస్టారు మనతో ఉన్నారు. మాస్టారూ, ఇన్ని సంఖ్యలుండగా 7,20,720 ఎందుకు?

మాస్టారు: సిరిమాను రోజున ఊళ్లోకి లక్షల్లో జనం వస్తారు కదమ్మా. సరిగ్గా 7,20,720 మందిని భోజనాలకి కూర్చోబెట్టాలనుకో. బంతికి ఏడుగురేసి వేసినా, పదమూడు మందేసి వేసినా, పదహారు మందేసి వేసినా ఒక్కరు కూడా మిగలరు. ఒకటి నుంచి పదహారు దాకా అన్నిటితోనూ నిశ్శేషంగా పోయే సంఖ్యల్లో ఇదే అతి చిన్నది.

హోస్ట్: అంటే క.సా.గు.

మాస్టారు: అదే. పదహారు సంఖ్యలూ వరసగా రాసుకుని భాగహారం మొదలెట్టక్కర్లేదు, కింద నుంచి కట్టుకుంటూ రా. పది దాకా 2520 చాలు. అందులో 11 లేదు, గుణిస్తే 27,720. 12కి కావాల్సిన 4, 3 ముందే ఉన్నాయి. 13 కొత్తది, గుణిస్తే 3,60,360. 14, 15 వాటంతటవే వచ్చేస్తాయి. 16 దగ్గర ఆగాలి. దానికి నాలుగు రెండ్లు కావాలి, మన దగ్గర మూడే ఉన్నాయి. ఇంకో రెండుతో గుణిస్తే 7,20,720.

హోస్ట్: 720 పక్కపక్కనే రెండుసార్లు వచ్చిందే!

మాస్టారు: మూడంకెల సంఖ్యని రెండుసార్లు రాస్తే 1001తో గుణించినట్టే. 1001 అంటే 7, 11, 13ల లబ్ధం. మిగిలిన 16, 9, 5 గుణిస్తే 720. ఏదైనా మూడంకెల సంఖ్య చెప్పు.

హోస్ట్: 358.

మాస్టారు: 3,58,358ని ఏడుతో భాగించు.

హోస్ట్: ఒక్క నిమిషం... 51,194. శేషం లేదు!

మాస్టారు: ఉండదు. ఇక 7,20,720కి కారణాంకాలు ఎన్నో చూద్దాం. ఒక్కో కారణాంకానికీ రెండ్లు సున్నా నుంచి నాలుగు దాకా తీసుకోవచ్చు, ఐదు దారులు. మూడ్లకి మూడు దారులు. 5, 7, 11, 13 ఒక్కోటీ తీసుకో, లేదా మానెయ్. అన్నీ గుణిస్తే 240. ఇంతకంటే చిన్న సంఖ్య దేనికీ ఇన్ని కారణాంకాలు లేవు. రామానుజన్ 1915లో ఇలాంటి సంఖ్యల మీదే పెద్ద పరిశోధన పత్రం అచ్చువేశారు. వీటిలో 4, 36 తప్ప మిగతా అన్నిట్లోనూ అన్నిటికన్నా పెద్ద ప్రధాన కారణాంకం ఒక్కసారే వస్తుందని నిరూపించారు. మన దాంట్లో 13 ఒక్కటే ఉంది చూడు. నాకు ఎన్నిసార్లు చదివినా ఒళ్లు పులకరిస్తుందమ్మా.

హోస్ట్: మరి బంతికి పదిహేడు మందేసి వేస్తే?

మాస్టారు: ఐదుగురు మిగిలిపోతారు. 18కి మాత్రం ఇబ్బంది లేదు, 20కీ లేదు. అడ్డొచ్చేది 17, 19. ఆ రెండిటితోనూ గుణించు.

హోస్ట్: 23,27,92,560. ఇది ఎందాకా పనికొస్తుంది?

మాస్టారు: 21 అంటే 3, 7. 22 అంటే 2, 11. రెండూ ఉన్నాయి కదా. 22 దాకా ఢోకా లేదు, 23 దగ్గర మళ్లీ ఆగాలి.