మెథడిస్ట్ చర్చిలో తొలి ఆదివారం

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

పెళ్లికో, పసిబిడ్డ బాప్తిస్మానికో, డిసెంబరు 31 రాత్రి ఆరాధనకో స్నేహితులు పిలిస్తే మెథడిస్ట్ చర్చి గడప మొదటిసారి తొక్కేవారికి లోపల ఏం జరుగుతుందో చెప్పమని నిర్వాహకులు నన్ను అడిగారు. మెథడిస్టులంటే ఇంగ్లండులో పుట్టిన ఒక ప్రొటెస్టంట్ క్రైస్తవ శాఖవారు. నేను బోధకుణ్ణి కాను, నలభై ఏళ్లకు పైగా అదే చర్చిలో అదే బెంచీ మీద కూర్చుంటున్న సామాన్య సభ్యుణ్ణి. కొత్తవారికి వింతగా తోచేవాటిలో మెథడిస్టుల సొంతమైనవి నిజానికి కొన్నే. కొన్ని ఇంగ్లండు ప్రార్థన పుస్తకం నుంచి వచ్చినవి, చాలా మటుకు మన తెలుగిళ్ల నుంచే వచ్చినవి. ఏది ఎక్కడిదో తెలిస్తే బెరుకు సగం తగ్గుతుంది.

ముందుగా బోర్డు సంగతి. తెలంగాణకు మెథడిస్టులు రెండు దారుల్లో వచ్చారు. ఇంగ్లండు నుంచి వచ్చిన వెస్లియన్ (అంటే ఇంగ్లండు మెథడిస్ట్) మిషనరీలు సికింద్రాబాదు, మెదక్ ప్రాంతాల్లో పనిచేశారు. వారిలో చార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించిన మెదక్ చర్చి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరుపుకొంది. 1947లో ఆ సంఘాలు దక్షిణ ఇండియా సంఘంలో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, సి.ఎస్.ఐ.) కలిసిపోయినందువల్ల, మెథడిస్టులు కట్టిన ఆ చర్చి బోర్డు మీద ఇప్పుడు సి.ఎస్.ఐ. అని ఉంటుంది. అమెరికా నుంచి వచ్చిన మెథడిస్టులు ఆ ఐక్యతలో చేరలేదు. హైదరాబాదు, వికారాబాదు వైపు వారు నెలకొల్పిన సంఘాలు 1981 నుంచి మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియా పేరుతో నడుస్తున్నాయి. ఏటా నవంబరులో ధారూరులో జరిగే క్రైస్తవ జాతర వీరిదే. నేను చెప్పబోయేది ముఖ్యంగా ఈ రెండో దారి గురించి.

గుమ్మం దగ్గర మొదటి సందేహం చెప్పుల గురించి. పల్లెల్లో చాపలు పరిచిన చర్చిలోకి చెప్పులతో ఎవరూ వెళ్లరు. పట్నంలో బెంచీలున్న చర్చిల్లో చాలామంది బూట్లతోనే కూర్చుంటారు. ముందున్నవారిని చూసి అలాగే చేస్తే చాలు. స్త్రీలు ప్రార్థన సమయంలో తలమీద కొంగు వేసుకుంటారు. ఒక పక్క మగవారు, ఒక పక్క ఆడవారు కూర్చునే అలవాటు ఇంకా చాలాచోట్ల ఉంది కాబట్టి, భార్యాభర్తలు కలిసి వెళ్లి విడివిడిగా కూర్చోవలసి వస్తే నొచ్చుకోకండి. ఇవేవీ మత సూత్రాలు కావు, మన ఊళ్ల మర్యాదలు.

ఇక ఆరాధన క్రమం. మెథడిస్ట్ ఉద్యమానికి మూలపురుషుడైన జాన్ వెస్లీ ఇంగ్లండు సంఘంలో (చర్చ్ ఆఫ్ ఇంగ్లండులో) మతగురువుగానే జీవించి మతగురువుగానే కన్నుమూశాడు. 1784లో అమెరికాలోని తనవారి కోసం ఆ సంఘపు ప్రార్థన పుస్తకాన్నే కుదించి పంపాడు. అందుకే మీకు ఒక పద్ధతి కనిపిస్తుంది: ప్రారంభ ప్రార్థన, కీర్తన, పాపపు ఒప్పుకోలు, పాస్టరుగారు ఒక వచనం చదివితే సంఘమంతా తరువాతి వచనం చదివే బైబిల్ కీర్తనల పఠనం, పాత కొత్త నిబంధనల పాఠాలు, విశ్వాస ప్రమాణం, పరలోక ప్రార్థన. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు కూర్చోవాలో తెలియక తికమకపడేది ఇక్కడే. మరీ ముందు కాకుండా మధ్యలో కూర్చోండి, ముందు వరుసలే మీకు దారి చూపిస్తాయి.

పాట గురించి మాత్రం కాస్త ఎక్కువసేపు చెప్పాలి. జాన్ తమ్ముడు చార్లెస్ వెస్లీ వేలకొద్దీ పాటలు రాశాడు, మెథడిస్టులు తమ వేదాంతాన్ని పాటల్లోనే నేర్చుకున్నారు. 1761లో జాన్ వెస్లీ పాడే తీరుకు నియమాలు కూడా రాశాడు. అందరూ పాడాలనీ, నిద్రమత్తులో ఉన్నట్టు పాడకూడదనీ, పక్కవారి గొంతు వినబడనంతగా అరవకూడదనీ వాటి సారం. మా సంఘంలో ఈ మూడో నియమం ఇంకా అమలుకు రాలేదు. అయితే మీ చేతికిచ్చే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే మీకు కొత్త అనిపించదు. పాటకు పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి, పల్లవి, చరణాలు ఉంటాయి. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌధరి వంటి తెలుగు క్రైస్తవ కవులు కట్టిన కీర్తనలు హరికథ విన్న చెవికి వెంటనే అందుతాయి. ఒక పాట హార్మోనియం, తబలాతో సాగి, తరువాతి పాట ఇంగ్లీషు బాణీలో వచ్చినా ఆశ్చర్యపోకండి.

ప్రకటనల వేళ కొత్తవారిని లేచి నిలబడమంటారు. ఇష్టమైతే లేచి పేరు చెప్పండి, లేకుంటే చిరునవ్వుతో ఊరుకోండి. పుట్టినరోజు, పెళ్లిరోజు జరుపుకొనే కుటుంబాలు స్తోత్ర కానుకతో ముందుకు వెళితే పాస్టరుగారు వారికోసం ప్రార్థిస్తారు. ఆ తరువాత కానుక సంచి వస్తుంది. నాతో పనిచేసిన ఒక మిత్రుడు ఆ సంచి తన చేతికి రాగానే ప్రసాదం కాబోలనుకుని, భక్తిగా కుడిచేయి లోపల పెట్టాడు. పక్కనున్న పెద్దావిడ నవ్వకుండా, ఆ సంచిని మెల్లగా తనవైపు తీసుకుని తరువాతివారికి అందించింది. అతిథులు కానుక వేయాలన్న నియమం లేదు. సంచి అలా చేతులు మారిస్తే సరిపోతుంది.

చాలా సంఘాల్లో నెల మొదటి ఆదివారం ప్రభురాత్రి భోజన సంస్కారం, అంటే యేసు చివరి భోజనాన్ని తలచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోవడం, ఉంటుంది. మెథడిస్టుల ముద్ర ఎక్కువగా ఇక్కడే కనిపిస్తుంది. పిలుపులో మీది ఏ సంఘమని అడగరు. పాపాల విషయమై నిజంగా పశ్చాత్తాపపడి, పొరుగువారితో ప్రేమగా ఉంటూ, ఇకమీదట కొత్త బ్రతుకు బ్రతకాలనుకునేవారిని రమ్మంటారు. అయితే తెలుగు సంఘాల్లో బాప్తిస్మం పొందినవారే ముందుకు వెళ్లడం వాడుక కాబట్టి, ఇతర మతస్థులు తమ చోటనే కూర్చుని ఉంటే ఎవరూ తప్పుపట్టరు. పాత్రలో ఉండేది పులిసి మత్తెక్కించే ద్రాక్షారసం కాదు. 1869లో థామస్ వెల్చ్ అనే అమెరికా మెథడిస్టు ద్రాక్షరసాన్ని పులియకుండా వేడిచేసి నిలవచేసే పద్ధతి కనిపెట్టింది ఈ సంస్కారం కోసమే. మా ఇంట్లో శనివారం రాత్రి నల్లద్రాక్ష ఉడికించి, పల్చటి గుడ్డలో వడకట్టి సీసాలో పోస్తారు. మరునాడు పొద్దున పళ్లెంలోని గుంటల్లో చిట్టి గాజు గ్లాసులు వరుసగా నిలుస్తాయి. మోకరించినవారు తాగి తిరిగి పెడుతుంటే ఆ గ్లాసుల చప్పుడు తప్ప మరేదీ వినబడదు.

ప్రసంగం అరగంటకు తక్కువ ఉండదు, గంట దాటినా నేను పూచీ కాను.

చివరి ఆశీర్వాదానికి అందరూ తలవంచి నిలబడతారు. ఆమేన్ తరువాత మళ్లీ కూర్చుని ఒక నిమిషం మౌనంగా ప్రార్థిస్తారు. కొత్తవారు సరిగ్గా ఆ నిమిషంలోనే అయిపోయిందనుకుని చెప్పుల కోసం బయలుదేరుతారు. దయచేసి కూర్చోండి. తరువాత పాస్టరుగారు గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరికీ చేయి కలుపుతారు, మీ ఊరేదో, ఎవరి తాలూకో అడుగుతారు. మా సంఘంలోనైతే స్త్రీల సమాజంవారి టీ తాగకుండా గేటు దాటడం ఇంతవరకు ఎవరికీ సాధ్యపడలేదు.