అడవిదున్నకు పచ్చదనం ఒక్కటే చాలదు

అధ్యక్షులకు, పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం. ఇచ్చిన సమయం తక్కువ, నేరుగా విషయానికి వస్తాను.

ప్రపంచంలో ఏ జీవి ఎంత ముప్పులో ఉందో చెప్పే ఐయూసీఎన్ రెడ్ లిస్టులో అడవిదున్న, అంటే గౌర్, 1986 నుంచీ ముప్పున్న జంతువే. ఎదిగిన మగది టన్ను దాకా తూగుతుంది. అంత ఒంటికి బోలెడు మేత కావాలి, ఎండాకాలంలో నీళ్లు కావాలి, మనుషుల అలికిడి లేని చోటు కావాలి. ఈ మూడూ ఎక్కడ కలిసి దొరుకుతాయో చూపించేదే ఆవాస పటం.

దున్న కనబడిన చోట్లు, గిట్టల జాడలు, పేడ జీపీఎస్‌లో నమోదు చేస్తాం. ఎత్తు, వాలు, నీళ్లు ఎంత దూరం, ఊళ్లు ఎంత దూరం, ఉపగ్రహం చూపే పచ్చదనం కలుపుతాం. మాక్సెంట్ లాంటి ప్రోగ్రామ్ ఏ చోటు ఎంత అనువో సున్నా నుంచి ఒకటి దాకా లెక్క కడుతుంది.

ఈ పచ్చదనం గురించే నా బాధంతా. మన అడవుల్లో లాంటానా అనే పొద ఎంతలా కమ్మేసిందో చూస్తున్నారు. ఉపగ్రహానికి అదీ పచ్చగానే కనబడుతుంది. కానీ అది పశువులకు విషం, దట్టంగా అల్లుకున్న చోట కింద గడ్డిని ఎదగనివ్వదు. ఒక సమావేశంలో మా పటం తెర మీద పెడితే, "ఈ లోయంతా పచ్చగానే ఉంది కదా" అని అక్కడున్నవాళ్లు ముందుకు వెళ్లిపోయారు. ఆ లోయ నడిచి వచ్చిన ట్రాకర్, అంటే జంతువుల జాడలు పట్టే మనిషి, పక్కనే నిలబడి "అక్కడ గడ్డిపరక లేదయ్యా" అన్నాడు. నివేదికలో ఆ మాట రాయలేదు. నాకు ఇప్పటికీ మింగుడుపడదు. పుట్టినప్పటి నుంచీ ఆ అడవిలో తిరిగిన మనిషి మాట అది!

పశువుల సంగతీ అంతే, వాటి రోగాలు దున్నలకు అంటుకుంటాయి. 1968లో కర్ణాటకలోని బందీపూర్ అడవి దున్నల్ని రిండర్‌పెస్ట్ అనే పశువుల రోగం ఊచకోత కోసింది. ఆ రోగం 2011 నాటికి ప్రపంచం నుంచే పోయింది, గాలికుంటు మాత్రం పోలేదు. పశువుల మందలు ఎక్కడ మేస్తున్నాయో పటంలో ఉండొద్దా?

విద్యార్థులూ, సర్వేకు వెళ్లినవాళ్లు చేతులెత్తండి. మంచిది. జీపు బాట వదిలి లోపలికి నడిచినవాళ్లు? చూశారా, ఎన్ని చేతులు దిగిపోయాయో! బాట పక్కన మాత్రమే వెతికితే దున్న బాట పక్కనే ఉంటుందని కంప్యూటర్ నమ్ముతుంది.

మధ్యప్రదేశ్‌లోని బాంధవ్‌గఢ్ అడవిలో 1990ల చివరికి దున్న లేకుండా పోతే, 2011, 2012ల్లో అదే రాష్ట్రంలోని కన్హా అడవి నుంచి 50 దున్నల్ని తెచ్చి వదిలారు. మళ్లీ మందలు కట్టాయి. ఇంకోచోట ఆ పని చేయాలంటే వాటిని వదిలే నేల మీద మేత ఉందో లేదో ముందే తెలియాలి. అందుకే అడుగుతున్నాను, ఈ సీజన్ సర్వే ఫారంలో మూడు గళ్లు కలపండి: నేల మీద గడ్డి, పశువుల పేడ, ట్రాకర్ చెప్పిన మాట. మూడోది ఆయన అన్నది అన్నట్టే రాయండి.