స్పీడ్ తెచ్చింది టెంప్ డిలీట్ కాదండీ, రీస్టార్ట్!

రన్ బాక్స్ (విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కితే వచ్చే చిన్న పెట్టె) తెరవండి, టెంప్ కొట్టండి, ప్రీఫెచ్ కొట్టండి, అన్నీ సెలెక్ట్ చేసి లేపేయండి, చివర్లో ఒకసారి రీస్టార్ట్ చేయండి, మీ పాత ల్యాప్‌టాప్ రాకెట్ అయిపోతుంది! ఈ వీడియోలు మీరు చూసే ఉంటారు. నేను ఒక్కటే మాట చెప్తున్నా, రాసి పెట్టుకోండి. ఆ స్పీడ్ టెంప్ ఫైల్స్, అంటే ప్రోగ్రాములు తాత్కాలికంగా రాసుకుని వదిలేసే ఫైళ్ళు, తీసేసినందుకు రాలేదు. చివర్లో కొట్టిన రీస్టార్ట్ వల్ల వచ్చింది. పని చేసింది ఒకరు, పేరు కొట్టేసింది ఇంకొకరు!

"రోజూ రాత్రి షట్‌డౌన్ చేస్తూనే ఉన్నాం కదా" అంటారా? మెలిక అక్కడే ఉంది. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది, చాలా ల్యాప్‌టాప్‌లలో అది ఆన్‌లోనే ఉంటుంది. మీరు షట్‌డౌన్ నొక్కితే ప్రోగ్రాములు మూతపడతాయి. కానీ విండోస్ అసలు గుండెకాయ, డ్రైవర్లతో సహా, డిస్క్ మీద ఒక ఫైల్‌లోకి వెళ్ళి పడుకుంటుంది. పొద్దున ఆన్ చేస్తే అదే లేచి వస్తుంది, నిన్నటి ఇరుకు నిన్నటిలాగే ఉంటుంది. నమ్మకపోతే ఇప్పుడే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో సీపీయూ, కింద అప్ టైమ్. మొదట కనిపించే అంకె రోజులు. రోజూ షట్‌డౌన్ చేసే ఇళ్ళలో కూడా అక్కడ 15, 20 కనిపించొచ్చు. రీస్టార్ట్ కొట్టండి, సున్నా నుంచి మొదలవుతుంది.

ఇక టెంప్ ఫైల్ సంగతి. డిస్క్ మీద ఊరికే పడున్న ఫైల్ ర్యామ్ తినదు, ప్రాసెసర్ తినదు. అటక మీద పాత సామాను ఉంటే కింద వంట ఆలస్యమవుతుందా? అటక నిండిపోయి ఆ సామాను వంటింట్లోకి దిగితే మాత్రం అవుతుంది. అంటే సీ డ్రైవ్ ఖాళీ 10 శాతం లోపుకి పడిపోయి, దిస్ పీసీలో ఆ గీత ఎర్రగా మారినప్పుడు. అప్పుడు అప్‌డేట్లకు చోటుండదు, ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్ మీద వాడుకునే పేజ్ ఫైల్ పెరగడానికి వీలుండదు, సిస్టమ్ నిజంగానే ఈడుస్తుంది. టెంప్ క్లీన్ చేయాల్సింది అప్పుడు. రోజూ పళ్ళు తోముకున్నట్టు చేసే పని కాదిది.

నాకు ఒళ్ళు మండేది ప్రీఫెచ్ దగ్గర. అది చెత్త కాదండీ! ఆ ఫోల్డర్ తెరిచి చూడండి. క్రోమ్ డాట్ ఈఎక్స్‌ఈ, పక్కన ఒక గీత, ఎనిమిది అక్షరాల కోడ్, చివర పీఎఫ్. ఆ కోడ్ ప్రోగ్రామ్ ఏ దారిలో ఉందో దాన్ని బట్టి తయారవుతుంది. ఆ ప్రోగ్రామ్ తెరిచిన మొదటి 10 సెకన్లలో ఏయే ఫైళ్ళు చదివిందో విండోస్ అందులో రాసి పెట్టుకుంటుంది. తర్వాతిసారి తెరిచేటప్పుడు ఆ చిట్టా చూసి అన్నీ ముందే తెచ్చి పెడుతుంది. మీరు చిట్టా చింపేశారు, మళ్ళీ మొదటి నుంచి రాసుకోవాలి. హార్డ్ డిస్క్ ఉన్న పాత కంప్యూటర్లో మొదటిసారి తెరిచినప్పుడు ప్రతి ప్రోగ్రామూ ఇంకా నెమ్మదిస్తుంది. పోనీ చోటు మిగిలిందా అంటే కొన్ని పదుల ఎంబీ. పాతబడినవాటిని విండోసే తీసేసుకుంటుంది, ఆ ఫోల్డర్ జోలికి మనం పోనక్కర్లేదు.

అదే రన్ బాక్స్‌లో ట్రీ అని కొట్టమంటారు చూడండి, అది ఇంకా ఘోరం. నల్ల తెర మీద గీతలు జరజరా పరిగెడతాయి, దానంతట అదే మూసుకుంటుంది. ఏదో శుభ్రమవుతోందని చూసేవాళ్ళు అనుకుంటారు. ట్రీ అంటే మీ ఫోల్డర్ల పేర్లు కొమ్మలు కొమ్మలుగా చూపించే కమాండ్. అంతే! ఒక్క బైట్ కూడా కదలదు.

సరే, గీత ఎర్రబడింది, చోటు కావాలి. ముందు రీస్టార్ట్ చేయండి, ముందే అంటున్నా. సగంలో ఆగిన ఇన్‌స్టలేషన్లు మిగతా పని రీస్టార్ట్ తర్వాత పూర్తి చేసుకుంటాయి, వాటి సరంజామా టెంప్‌లోనే ఉండొచ్చు. తర్వాత విండోస్ కీ, ఆర్. పర్సెంట్ గుర్తు, టెంప్, మళ్ళీ పర్సెంట్ గుర్తు, ఎంటర్. కంట్రోల్ ఏ, డిలీట్. షిఫ్ట్ డిలీట్ వద్దు, ముందు రీసైకిల్ బిన్‌లో పడనివ్వండి. ఫైల్ ఇన్ యూజ్ అంటే కింద టిక్ పెట్టి స్కిప్ కొట్టండి, దాంతో కుస్తీ పట్టొద్దు. రెండు రోజులు అంతా బాగుంటే బిన్ ఖాళీ చేయండి. అప్పటిదాకా చోటు రాదు, గాభరా పడకండి.

ఒక ప్రమాదం ఎవరూ చెప్పరు. జిప్‌లోంచి ఎక్సెల్ ఫైల్‌ని బయటికి తీయకుండా నేరుగా డబుల్ క్లిక్ చేసి తెరిస్తే, అది తెరుచుకునేది టెంప్‌లోని కాపీ. అందులో మార్పులు చేసి సేవ్ కొడితే మీ పనంతా టెంప్‌లోనే ఉండిపోవచ్చు! క్లీన్ చేసేముందు ఆ ఫోల్డర్లో తేదీ వారీగా పెట్టి, మీ ఎక్సెల్, వర్డ్ ఫైళ్ళు ఏమైనా ఉన్నాయేమో చూడండి.

ఎక్కువ చోటు మాత్రం టెంప్ ఫోల్డర్లో దొరకదు, దానికి దారి ఇది. సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్. విండోస్ అప్‌డేట్ క్లీనప్ (పాత అప్‌డేట్ల మిగులు), డెలివరీ ఆప్టిమైజేషన్ (అప్‌డేట్ల కోసం దాచిన కాపీలు) నిశ్చింతగా టిక్ పెట్టండి. అప్‌డేట్ క్లీనప్‌కి హార్డ్ డిస్క్ మీద చాలాసేపు పడుతుంది, మధ్యలో పవర్ బటన్ నొక్కొద్దు. ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్ కనిపిస్తే, కొత్త వెర్షన్ నచ్చకపోతే వెనక్కి వెళ్ళే దారి అదే. మామూలుగా 10 రోజుల తర్వాత దానంతట అదే పోతుంది. డౌన్‌లోడ్స్ అని అదే లిస్ట్‌లో ఉంటుంది, దాని మీద చెయ్యి పెట్టొద్దు! ఆధార్ పీడీఎఫ్, మీసేవ సర్టిఫికెట్, హాల్ టికెట్, మన ఇళ్ళలో అన్నీ పడుండేది డౌన్‌లోడ్స్‌లోనే. అక్కడి నుంచి తీసేస్తే రీసైకిల్ బిన్‌కి కూడా వెళ్ళదు. దానంతట అదే క్లీన్ చేసే స్టోరేజ్ సెన్స్ ఆన్ చేసేవాళ్ళు డౌన్‌లోడ్స్ దగ్గర నెవర్ అని ఉందో లేదో చూసుకోండి.

వీడియో కింద ఇచ్చే బ్యాట్ ఫైళ్ళు, అంటే డబుల్ క్లిక్ చేస్తే కమాండ్లు వరసగా నడిపే ఫైళ్ళు, అసలే వద్దు. అందులో మొదటి లైన్ ఫలానా ఫోల్డర్‌కి వెళ్ళు, రెండో లైన్ ఉన్నవన్నీ డిలీట్ చెయ్యి. ఫోల్డర్ పేరులో ఒక్క అక్షరం తప్పితే మొదటి లైన్ ఫెయిలవుతుంది, రెండోది మాత్రం ఆగదు. అడ్మినిస్ట్రేటర్‌గా నడిపితే అప్పుడు అది నిలబడి ఉండేది విండోస్ సొంత ఫైళ్ళుండే సిస్టమ్ 32 ఫోల్డర్లో!

పెద్ద పేరున్న క్లీనర్ వాడతామంటారా? 2017లో సీసీక్లీనర్ అనే పేరున్న క్లీనింగ్ ప్రోగ్రామ్ 5.33 వెర్షన్‌లోకే మాల్వేర్ జొరబడింది. కంపెనీ సొంత డౌన్‌లోడ్, అసలైన డిజిటల్ సంతకం, దాదాపు 22 లక్షల 70 వేల మంది దాన్ని వాడారు. విండోస్‌లో ఉన్న పనికి బయటివాళ్ళకి ఇంటి తాళాలు ఎందుకండీ?

ఇప్పుడు మీ అప్ టైమ్ ఎన్ని రోజులు చూపిస్తోందో చూసి కామెంట్‌లో పెట్టండి. రీస్టార్ట్ ఒక్కటే చేసి, టెంప్ ముట్టుకోకుండా, తేడా ఉందో లేదో అదీ రాయండి.