గడ్డకట్టిన నేల మీద కట్టడం

అందరికీ నమస్కారం.

శీతల ప్రాంతాల ఇంజనీరింగ్‌లో పీజీ చేద్దామనుకునేవాళ్లు అక్కడ చలిని తట్టుకోవడం నేర్పుతారనుకుంటారు. నిజానికి ఆ చదువులో ఎక్కువ కాలం గడిచేది వేడి వెంట పడటంలోనే.

వరుసగా కనీసం రెండేళ్లపాటు సున్నా డిగ్రీల సెల్సియస్ దాటకుండా ఉండే నేలను పర్మాఫ్రాస్ట్ అంటారు. గడ్డకట్టి ఉన్నంతకాలం అది చాలా బరువు మోస్తుంది. దాని మీద ఇల్లు కట్టి లోపల హీటర్ పెట్టామా, ఆ వేడి మెల్లగా కిందికి దిగుతుంది. నేలలో మంచు ఎక్కువుంటే అది బురదవుతుంది. ఒక మూల కుంగుతుంది, తలుపులు పట్టేస్తాయి.

అలాస్కా చమురు పైప్‌లైన్ సంగతి చూడండి. 1977లో మొదలైంది, పొడవు సుమారు 1,287 కిలోమీటర్లు. లోపల పారేది వేడి చమురు. పాతిపెడితే కింద నేల కరిగిపోతుందని సుమారు 676 కిలోమీటర్ల మేర పైప్‌ను స్తంభాల మీదికి ఎత్తారు. చాలా స్తంభాల్లో అమ్మోనియా నింపిన గొట్టాలుంటాయి. చలికాలంలో నేల కంటే పైగాలి చల్లగా ఉంటుంది కదా, అప్పుడు అడుగున ఉన్న అమ్మోనియా నేల వేడిని పీల్చుకుని ఆవిరవుతుంది, పైకి వెళ్లి ఆ వేడిని గాలికి వదిలి, మళ్లీ ద్రవమై కిందికి జారుతుంది. వేసవిలో పైభాగమే వెచ్చగా ఉంటుంది కాబట్టి పని దానంతటదే ఆగిపోతుంది. మోటారు లేదు, కరెంటు లేదు. ఇంత అందమైన డిజైన్ ఇంజనీరింగ్ మొత్తంలో చాలా అరుదని నా అభిప్రాయం.

ఇక చలికి రోడ్లు ఉబ్బడం. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం పెరుగుతుంది, అందుకే ఉబ్బుతుందని చాలామంది సరిపెట్టుకుంటారు. 1930 ప్రాంతంలో స్టీఫెన్ టేబర్ అనే భూగర్భ శాస్త్రవేత్త మట్టిలో నీటికి బదులు బెంజీన్ పోసి గడ్డకట్టించాడు. గడ్డకడితే కుంచించుకుపోయే ద్రవం అది. అయినా మట్టి ఉబ్బింది! గడ్డకడుతున్న చోటికి కింది నుంచి ద్రవం లాక్కోబడి పొరలు పొరలుగా చేరుతుందన్నమాట. సన్నటి ఒండ్రు మట్టిలో ఇది మరీ ఎక్కువ. కింద నీళ్లు అందకుండా చేస్తే, లేదా ఆ మట్టి తీసేసి కంకర వేస్తే, సమస్య చాలావరకు తగ్గుతుంది.

ఎక్కడ చదవాలి? అలాస్కా విశ్వవిద్యాలయం ఉంది. అలాస్కాలో ప్రొఫెషనల్ ఇంజనీర్ లైసెన్సు కావాలంటే ఆర్కిటిక్ ఇంజనీరింగ్ కోర్సు తప్పనిసరి. నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో, 78 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర, యూనిస్ అనే విశ్వవిద్యాలయ కేంద్రం ఆర్కిటిక్ టెక్నాలజీ నేర్పుతుంది. అక్కడ ఫీల్డ్‌కు వెళ్లే ముందు ధ్రువపు ఎలుగుల నుంచి కాపాడుకోవడంలోనూ శిక్షణ ఇస్తారు. టెన్షన్ పడకండి, అది కూడా చదువులో భాగమే.

వెళ్లేముందు ఉష్ణ ప్రసరణ, మట్టి యాంత్రికశాస్త్రం గట్టిగా చదవండి. సివిల్ వాళ్లు మొదటిదాన్ని, మెకానికల్ వాళ్లు రెండోదాన్ని తేలిగ్గా తీసుకుంటారు. ఇక్కడ రెండూ విడదీయలేనివి.

ఇంకొకటి. నేల ఎప్పటికీ గడ్డకట్టే ఉంటుందన్న లెక్కతో వేసిన పాత పునాదులు చాలా ఉన్నాయి. వాతావరణం వేడెక్కుతోంది, ఆ లెక్క తప్పుతోంది. వాటిని ఎలా కాపాడాలన్నదే మీ తరం పని. అందుకే ప్రొఫెసర్‌కు ఈమెయిల్ రాసేటప్పుడు ర్యాంకుల గురించి కాకుండా, నేలలోకి తవ్విన బోరు రంధ్రాల్లో కొలిచిన నేల ఉష్ణోగ్రత రికార్డులు ఎన్నేళ్లవి ఉన్నాయో, విద్యార్థులకు ఇస్తారో లేదో అడగండి.