విండోస్ 10 ఉన్న ఇంట్లో ఇప్పుడేం చేయాలి?

పెద్దలకు, అమ్మలకు, చదువుకునే పిల్లలకు నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాల్లో పుస్తకాల గురించి మాట్లాడేవాళ్లు చాలామంది ఉంటారు. కంప్యూటర్ రిపేర్లు చేసుకునే నన్ను పిలిచి, "ఈ విండోస్ 10 సంగతేమిటో మావాళ్లకు కాస్త చెప్పవయ్యా" అని మన లైబ్రేరియన్ గారు అడిగారు. 2025 అక్టోబరు 14 నుంచి ఇక్కడ పేపరు చదవడానికి వచ్చేవాళ్లు ఆయన్ని ఇదే అడుగుతున్నారట. నా షాపులోనూ అదే మాట. "స్క్రీన్ నిండా ఏదో వచ్చిందండీ, సపోర్ట్ అయిపోయిందట. ఇక సిస్టమ్ పనిచేయదా? కొత్తది కొనాల్సిందేనా?" అని టెన్షన్ పడుతూ వస్తున్నారు.

పనిచేస్తుంది. రేపు పొద్దున స్విచ్ వేస్తే ఎప్పటిలాగే ఆన్ అవుతుంది. మీ ఫొటోలు, ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. ఆగిపోయింది వేరే. విండోస్‌లో ఎక్కడో ఒక లోపం బయటపడుతూనే ఉంటుంది. దాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం పంపుతుంది. 2015 జులై 29న వచ్చిన విండోస్ 10కి ఆ నెలవారీ అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. ఇకమీదట కొత్తగా బయటపడే లోపం మీ సిస్టమ్‌లో అలాగే ఉండిపోతుంది.

"ఉంటే ఏమవుతుందిలే, మా ఇంట్లో ఏముంది దోచుకోవడానికి" అంటారు కొందరు. వాళ్లకు నేను 2017 సంగతి చెబుతాను. ఆ ఏడాది మార్చి 14న మైక్రోసాఫ్ట్ విండోస్‌లో ఒక పెద్ద లోపాన్ని పూడుస్తూ అప్‌డేట్ ఇచ్చింది. సరిగ్గా రెండు నెలలు కూడా కాలేదు, మే 12న అదే లోపంలోంచి వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది. రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలో ఫైళ్లకు తాళం పడింది. 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కడితేనే తీస్తామని ఎర్రటి తెర. బ్రిటన్‌లో ఆస్పత్రులు అపాయింట్‌మెంట్లు రద్దు చేసుకున్నాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి. ఆ వైరస్ ఎవరినీ ఎంచుకుని రాలేదు. అప్‌డేట్ లేని సిస్టమ్ నెట్‌కి తగిలి ఉంటే చాలు, లోపలికి వచ్చింది. పట్టుబడ్డవాటిలో ఎక్కువ భాగం విండోస్ 7వి. వాటికి అప్‌డేట్ అప్పటికే వచ్చి ఉంది, వేసుకోలేదంతే. కాబట్టి బ్యాంకు లావాదేవీలు, ఆధార్ కాపీలు, పిల్లల సర్టిఫికెట్లు ఉన్న సిస్టమ్‌ని అప్‌డేట్లు లేకుండా ఏళ్ల తరబడి నెట్‌లో ఉంచడం నాకు ఇష్టం లేదు.

అయితే వెంటనే దీని తర్వాత వచ్చిన విండోస్ 11 ఎక్కించేద్దామా? ఆగండి. ఇక్కడే నేను చేసిన ఒక తప్పు మీకు చెప్పాలి.

నాకు తెలుగు చెప్పిన మాస్టారు ఒకరున్నారు. రిటైరయ్యాక భాగవత పద్యాలకు వ్యాఖ్యానం రాస్తున్నారు. ఆయన టైపింగ్ అంతా పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే పాత ప్రోగ్రామ్‌లో, అను అనే తెలుగు ఫాంట్లలో. 2016లో విండోస్ 10 ఉచితంగా ఇస్తున్న రోజులవి. ఆయన సిస్టమ్‌లో విండోస్ 7 బాగా నెమ్మదించింది. "మాస్టారూ, ఫార్మాట్ కొట్టి కొత్తది వేసేస్తాను. ఫైళ్లన్నీ డీ డ్రైవ్‌లోనే ఉన్నాయిగా?" అని అడిగాను. "అన్నీ అక్కడే ఉన్నాయి నాయనా" అన్నారు. నమ్మాను. సీ డ్రైవ్ ఫార్మాట్ చేశాను, అంటే అందులో ఉన్నదంతా తుడిచేశాను.

సాయంత్రం సిస్టమ్ ఆయన బల్ల మీద పెట్టి ఆన్ చేస్తే, ఆయన స్క్రీన్ వైపు చాలాసేపు చూశారు. "ఇక్కడ ఎడమ పక్కన ఉండేది కదరా, పసుపు పచ్చ బొమ్మ, దాన్ని నొక్కితే నా రాతంతా వచ్చేది" అన్నారు. అది డెస్క్‌టాప్ మీది ఫోల్డర్. డెస్క్‌టాప్ మీద కనిపించేదంతా సీ డ్రైవ్‌లోనే ఉంటుంది. ఆ సంగతి మాస్టారికి తెలియాల్సిన పని లేదు. నాకు తెలుసు, నేనే తెరిచి చూడాల్సింది. రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టి మూడు రాత్రులు కూర్చుంటే కొన్ని ఫైళ్లు దొరికాయి. తెరిస్తే తెలుగు లేదు. ఇంగ్లిషు అక్షరాలు, కామాలు, డాలర్ గుర్తులు కలగలిసిన వరుసలు. ఫార్మాట్‌తో పాటు ఫాంట్లూ పోయాయి. అను లాంటి పాత ఫాంట్లలో 'క' అనేది నిజానికి 'క'గా నిల్వ ఉండదు. ఏదో ఇంగ్లిషు గుర్తు స్థానంలో తెలుగు బొమ్మ కూర్చుని ఉంటుంది. ఫాంట్ లేకపోతే ఆ గుర్తే కనబడుతుంది. డీటీపీ చేసే మిత్రుడి దగ్గర ఫాంట్లు తెచ్చి వేశాక అక్షరాలు వచ్చాయి. అరవై పేజీలు మాత్రం రానేలేదు. మాస్టారు వాటిని చేతిరాత నోటుపుస్తకాల్లోంచి మళ్లీ టైపు చేసుకున్నారు, ఒక్క మాట అనకుండా.

అప్పటినుంచి విండోస్ మార్చమని ఎవరొచ్చినా నేను మొదట వాళ్ల డెస్క్‌టాప్ చూస్తాను. తర్వాత డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్. ఇవన్నీ సీ డ్రైవ్‌లోనివే. బ్రౌజర్లో దాచిన పాస్‌వర్డ్‌లు, అవుట్‌లుక్ వాడేవాళ్లయితే మెయిళ్లు నిల్వ ఉండే పీఎస్‌టీ ఫైలు కూడా చూస్తాను. తెలుగు టైపింగ్ చేసేవాళ్లు ఇంకొకటి చేయాలి. సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ తెరిస్తే అందులో ఫాంట్స్ అని ఉంటుంది. మీరు వాడే పాత ఫాంట్లన్నీ అక్కడినుంచి కాపీ చేసి పెట్టుకోండి. ముఖ్యమైన రచనల్ని పీడీఎఫ్‌గా కూడా దాచండి. పీడీఎఫ్‌లో ఫాంట్ కలిసే ఉంటుంది కాబట్టి ఏ కంప్యూటర్లో తెరిచినా తెలుగు తెలుగుగానే కనిపిస్తుంది. యూనికోడ్‌లో, అంటే 'క'ని 'క'గానే నిల్వ చేసే కొత్త పద్ధతిలో, రాసేవాళ్లకు ఈ గొడవ లేదు. ఒక్కటి తెలిసి ఉంటే చాలు. విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచి ఉన్న గౌతమి ఫాంట్, విండోస్ 7తో వచ్చిన వాణి ఫాంట్ కొత్తగా వేసిన విండోస్‌లో మొదట కనబడకపోవచ్చు. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌కి వెళ్లి తెలుగు ఫాంట్లు చేర్చుకుంటే వస్తాయి.

కాపీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లో ఒకటి, వేరే చోట ఇంకొకటి ఉండాలి. కాపీ అయిపోయాక ఇంకో కంప్యూటర్లో పెట్టి, నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి. ఇది చేయనిదే ఎవరు చెప్పినా మీ సిస్టమ్ మీద చెయ్యి వేయనివ్వకండి. షాపు కుర్రాడు తొందరపెట్టినా సరే, అమెరికా నుంచి అబ్బాయి ఫోన్లో చెప్పినా సరే.

ఇక మీ సిస్టమ్ 11కి సరిపోతుందో లేదో చూద్దాం. మైక్రోసాఫ్ట్ వాళ్లదే పీసీ హెల్త్ చెక్ అని ఒక ఉచిత యాప్ ఉంది, అది చెప్పేస్తుంది. చేత్తో చూసుకోవాలంటే ప్రాసెసర్ పేరు చూడండి. ఇంటెల్‌ది ఐ5-7400 అని ఉంటే గీత తర్వాతి 7 దాని తరం. ఐ5-8400 అయితే 8వ తరం. 11 అడిగేది 8వ తరం, అంటే సుమారుగా 2018 తర్వాత కొన్నవి. ఏఎండీ కంపెనీ ప్రాసెసర్ అయితే రైజెన్ 2000 వరుస నుంచి. 4 జీబీ ర్యామ్ చాలని కాగితం మీద ఉంటుంది కానీ, నా అనుభవంలో 8 లేనిదే సుఖం లేదు. సెక్యూర్ బూట్, టీపీఎం 2.0 అనే రెండు భద్రతా ఏర్పాట్లు కూడా ఉండాలి. టీపీఎం లేదని చూపిస్తే వెంటనే నిరాశపడొద్దు. చాలా బోర్డుల్లో అది ఉంటుంది, బయాస్‌లో, అంటే విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగుల్లో, ఆఫ్ చేసి ఉంటుందంతే. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అని, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అని కనిపిస్తుంది, ఆన్ చేస్తే సరిపోతుంది. "మీది పనికిరాదు, కొత్తది కొనండి" అని ఎవరైనా అంటే, ముందు ఇది చూశారా అని అడగండి.

తరం సరిపోకపోయినా అడ్డదారిలో 11 ఎక్కించే పద్ధతులున్నాయి. నాకూ తెలుసు, అడిగినవాళ్లకు వద్దనే చెబుతాను. అలా ఎక్కించిన సిస్టమ్‌కి అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. మనం మారేదే అప్‌డేట్ల కోసం కదా. క్రాక్ చేసిన, అంటే కొనకుండా దొంగదారిలో వేసిన విండోస్ సంగతి కూడా చెప్పేస్తాను. మన ఊళ్లలో అసెంబుల్డ్ సిస్టమ్‌లు చాలా వాటితోనే నడుస్తున్నాయి. ఆ క్రాక్ వేసే చిన్న ప్రోగ్రామ్‌లోనే వైరస్ ఉండడం నేను ఎన్నోసార్లు చూశాను. ఇంట్లో బ్యాంకు పని చేసే కంప్యూటర్‌కి జెన్యూన్‌ది వేయించుకోండి, దయచేసి.

సరిపోని సిస్టమ్ ఉన్నవాళ్లు గాభరా పడక్కర్లేదు. విండోస్ 10కి ఇంకో ఏడాది, 2026 అక్టోబరు 13 వరకు, భద్రతా అప్‌డేట్లు పొడిగించుకునే వీలు ఇంటి వినియోగదారులకు ఇచ్చారు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేసుకుంటే ఉచితం. ఆ బ్యాకప్ వద్దనుకుంటే 30 డాలర్లకు సమానమైన డబ్బు కట్టాలి. అప్‌డేట్ పేజీలోనే ఎన్‌రోల్ అని కనిపిస్తుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి నేను చేసిపెట్టింది ఇదే. ఆలోచించుకోవడానికి అంతవరకు టైమ్ దొరుకుతుంది.

విండోస్‌కి బదులు వేసుకునే లినక్స్ గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే అది అందరికీ కాదు. నెట్ చూడడం, ఉత్తరాలు రాసుకోవడం, సినిమాలు, వీడియో కాల్స్, ఇంతే మీ పని అయితే లినక్స్ మింట్ అనే రకం పాత సిస్టమ్ మీద హాయిగా నడుస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు. కేరళ బడుల్లో పిల్లలు ఏళ్లుగా లినక్స్ మీదే నేర్చుకుంటున్నారు. మన హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ వాళ్లు తెలుగులోనే లినక్స్ తయారుచేశారు. కానీ పేజ్‌మేకర్ మీద, లెక్కలు రాసే ట్యాలీ మీద బతికేవాళ్లకు నేను అది చెప్పను.

ఇంకో మాట. సిస్టమ్ నెమ్మదిగా ఉందని విండోస్ మార్చమంటారు చాలామంది. పాత హార్డ్‌డిస్క్ మీద 11 వేస్తే ఇంకా నెమ్మదిస్తుంది. హార్డ్‌డిస్క్ తీసి దానికంటే చాలా వేగంగా నడిచే ఎస్‌ఎస్‌డీ అనే డ్రైవ్ వేయించండి. నాలుగు నిమిషాలు పట్టే సిస్టమ్ అర నిమిషంలో లేవడం నా కళ్ల ముందు రోజూ జరుగుతోంది.

11కే వెళ్దామనుకుంటే, సెలవు రోజు చూసుకోండి. పరీక్ష ఫీజు ఆఖరి రోజు ముందు రాత్రి మొదలుపెట్టకండి. ఫార్మాట్ చేయకుండా ఉన్నదాని మీదే అప్‌గ్రేడ్ చేస్తే, నచ్చకపోయినా, ప్రింటర్ పలకకపోయినా పది రోజుల్లోపు సెట్టింగ్స్‌లో రికవరీకి వెళ్లి వెనక్కి రావచ్చు. ఆ పది రోజుల్లోనే ప్రింటర్, స్కానర్, తెలుగు కీబోర్డు అన్నీ వాడి చూసేయండి. మీది 32 బిట్ విండోస్ 10 అయితే మాత్రం ఇది కుదరదు. 11లో 32 బిట్ లేదు, మొదటినుంచి వేయాల్సిందే.

అకౌంట్ విషయంలో జాగ్రత్త. మొన్న ఒకమ్మ ల్యాప్‌టాప్ తెచ్చారు. ఆన్ చేస్తే నీలం తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతోంది. డ్రైవ్ తనంతట తానే ఎన్‌క్రిప్ట్ అయింది, అంటే తాళం వేసుకుంది. దాని తాళంచెవి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంది. ఆ అకౌంట్ ఎవరిదో ఆమెకు తెలియదు. ఏదో షాపులో విండోస్ వేసిన అబ్బాయి తన మెయిల్‌తోనే లాగిన్ చేసి ఇచ్చాడు. వెతికి పట్టుకునేసరికి వారం పట్టింది. మనవరాలి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయని ఆవిడ రోజూ ఫోన్ చేసేవారు. మీ మెయిల్‌తో, మీ ఫోన్ నంబరుతోనే లాగిన్ చేయించుకోండి. ఆ 48 అంకెలు కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

మాస్టారి సంగతి చెప్పి ముగిస్తాను. ఆయన సిస్టమ్ ఐ3, 4వ తరం. 11 ఎక్కదు. పొడిగింపు తీసుకుందామన్నాను. "నాకు దాంట్లో నెట్ ఎందుకురా, మావాడితో మాట్లాడేది ఫోన్లోనే కదా" అన్నారు. నిజమే. ఆ కంప్యూటర్‌తో ఆయనకున్న పని ఒక్కటే, రాసుకోవడం. నెట్ వైరు తీసేశాం. విండోస్ 10, పేజ్‌మేకర్, ఆయన ఫాంట్లు, అన్నీ ఎలా ఉన్నవి అలాగే ఉంచాం. దాంట్లో పెట్టేది నా పెన్‌డ్రైవ్ ఒక్కటే, అదీ ముందు వైరస్ స్కాన్ చేసి పెడతాను.

నెలకోసారి వెళ్లి కాపీ తీసుకుంటాను. ఈ పొద్దున ఇక్కడికి వచ్చే ముందు కూడా వెళ్లాను. కాపీ అయ్యాక నా ల్యాప్‌టాప్‌లో పెట్టి, ఆయన పక్కన కూర్చోబెట్టుకుని మొదటి పేజీ, చివరి పేజీ తెరిచాం. ఆయన కళ్లజోడు పైకి జరుపుకుని చివరి పద్యం చదివారు. ఒక అరసున్న పడలేదని దిద్దుకున్నారు.